రక్తంలో బుడగలు, కంటికందని వెలుగులు – మన జిల్లాలకెప్పుడు?

కాంట్రాస్టు అనే మాటకు నిఘంటువు తీస్తే వ్యత్యాసం, వైరుధ్యం, భేదం అని అర్థాలు కనిపిస్తాయి. ఇవేవీ ఆసుపత్రి వరండాలో పనికిరావు. మా వైపు స్కానింగుకు వెళ్లి వచ్చినవాళ్లు కొందరు దాన్ని "డై" అంటారు, ఎక్కువమంది "రంగు మందు" అంటారు. "రంగు మందు ఎక్కించి తీశార్రా" అంటే అందరికీ తెలుస్తుంది. నాకా మాట నచ్చింది. అందులో చాలా మందులకు అసలు రంగే లేకపోయినా ఈ వ్యాసంలో అదే వాడతాను.

రంగు మందు చేసే పనేమిటో పొలం వున్నవాళ్లకు చెప్పడం తేలిక. వరి ఆకుమడిలో ఊద మొలుస్తుంది. మొలిచినన్నాళ్లూ అదీ పచ్చగానే వుంటుంది, వరీ పచ్చగానే వుంటుంది. చేయి తిరిగిన ఆడవాళ్లు కణుపు దగ్గర చూసి పీకేస్తారు గాని, నా బోటివాడికి వెన్ను తీసేదాకా తెలియదు. అప్పటికి అది తినవలసిన ఎరువు తినేసి వుంటుంది. ఏదైనా మందు చల్లితే ఊద ఒక్కటే ఎర్రగా మారిపోతే ఎంత బాగుండును! వైద్యులు శరీరం లోపల చేయాలనుకునేది అచ్చంగా ఇదే. కాలేయం కండ, కాలేయంలో పుట్టిన గడ్డ, రెండూ అల్ట్రాసౌండు తెర మీద ఒకే బూడిదరంగులో కనబడుతున్నప్పుడు, దేన్ని పీకాలో దేన్ని వదిలేయాలో చెప్పే ఉపాయం కావాలి.

ఈ ఉపాయం దొరికిన కథ చిత్రమైనది. 1950లలో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో కోడక్ కంపెనీవారి పరిశోధనశాల ఫొటోగ్రఫీ కోసం రకరకాల రంగులు తయారు చేసేది. వాటిలో ఒకటి ఇండోసైనైన్ గ్రీన్. పేరుకు తగ్గట్టు ఆకుపచ్చగా వుంటుంది. మేయో క్లినిక్‌కు చెందిన ఫాక్స్, ఎర్ల్ వుడ్ అనేవారు దీన్ని రక్తంలోకి ఎక్కించి, గుండె నిమిషానికి ఎంత రక్తం తోడుతున్నదో కొలవడానికి వాడారు. (మేయో క్లినిక్ వున్న వూరు పేరు కూడా రోచెస్టరే. కాని అది మినెసోటా రాష్ట్రంలోది, కోడక్ వారిది న్యూయార్క్ రాష్ట్రంలోది. చదివేటప్పుడు నన్ను కాసేపు తికమక పెట్టిన విషయం కాబట్టి చెబుతున్నాను.) 1959లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది.

తొమ్మిదేళ్లు గడిచాయి. 1968లో న్యూయార్క్ రోచెస్టరులోనే రేమండ్ గ్రామియాక్, ప్రవీణ్ షా అనే ఇద్దరు వైద్యులు ఒక సంగతి ప్రచురించారు. అల్ట్రాసౌండుతో గుండెను చూస్తుండగా గొట్టం ద్వారా ఈ ఆకుపచ్చ రంగును ఎక్కిస్తే, తెర మీద ఒక్కసారిగా మబ్బు కమ్మినట్లు ప్రతిధ్వనులు వచ్చాయి. రంగుకూ శబ్దానికీ ఏమిటి సంబంధం? ఏమీ లేదు. సూదిలోంచి ద్రవం వేగంగా దూకేటప్పుడు అందులో పుట్టిన చిన్న చిన్న గాలి బుడగలే ఆ మబ్బుకు కారణమని తర్వాత తేలింది. మామూలు ఉప్పునీళ్లు ఎక్కించినా మబ్బు వస్తుంది! వెలుగు కోసం పుట్టిన రంగు శబ్దానికి దారి చూపించింది. ఆ రంగే ఈనాడు తన అసలు పనికి, అంటే వెలుగు పనికి, శస్త్రచికిత్స గదుల్లోకి తిరిగి వచ్చింది. దాని మాట తర్వాత.

ముందు బుడగ సంగతి. నీళ్లలో బుడగ ఎందుకు అంతగా మోగుతుంది? 1933లో మార్సెల్ మిన్నార్ట్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు, వృత్తికి ఖగోళం చదివినవాడు, పారే నీళ్లు ఎందుకు చప్పుడు చేస్తాయి అని ఆలోచించాడు. నీరు నీరుతో ఒరుసుకుంటే అంత చప్పుడు రాదు. నీళ్లలో చిక్కుకున్న గాలి బుడగలు ఉబ్బుతూ ముడుచుకుంటూ గంటల్లా మోగుతాయి. కాలువ గలగల అంటే అదే. మోటారు గొట్టం నోటి దగ్గర నీళ్లు తొట్టిలో పడేటప్పుడు వచ్చే మోతా అదే. బుడగ ఎంత చిన్నదైతే స్వరం అంత హెచ్చు. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం గల బుడగ సెకనుకు 3 వేల పైచిలుకు సార్లు కంపిస్తుంది. అది చెవికి వినిపిస్తుంది. దాన్ని వెయ్యి రెట్లు చిన్నది చేసి ఒక మైక్రోమీటరుకు దించితే, మిన్నార్ట్ లెక్క ప్రకారం సెకనుకు 30 లక్షల పైచిలుకు కంపనాలు, అంటే 3 మెగాహెర్ట్జ్ పైన. పైన తొడిగే పొరను బట్టి ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడు మిత్రులు ఒక్క క్షణం ఆగి ఈ విచిత్రం గమనించాలి. రక్తనాళాల్లో అతి సన్నని కేశనాళికలో దూరాలంటే బుడగ ఎర్ర రక్తకణం కంటే చిన్నదై వుండాలి. ఎర్రకణం వ్యాసం 7, 8 మైక్రోమీటర్లు. అలా దూరగలిగే 2, 3 మైక్రోమీటర్ల బుడగలు ఏ స్వరంలో మోగుతాయో, సరిగ్గా ఆ స్వరంలోనే వైద్యుల అల్ట్రాసౌండు యంత్రాలు పనిచేస్తాయి. ఎవరూ కూర్చుని కుదిర్చినది కాదు. శరీరం లోతుకు చేరే అలలకూ, కేశనాళిక కొలతకూ, గాలి స్థితిస్థాపకతకూ లెక్క అలా కలిసింది. భౌతికశాస్త్రంలో ఇలాంటి చోట్ల నాకు ఒళ్లు జలదరిస్తుంది. పరీక్ష పేపర్లో మాత్రం ఇది రాదు.

అయితే మామూలు గాలి బుడగ ఎక్కువసేపు నిలవదు. క్షణాల్లో రక్తంలో కరిగిపోతుంది. పెద్దవైతే ఊపిరితిత్తుల జల్లెడలో ఆగిపోయి గుండె ఎడమ వైపుకు చేరవు. అందుకే 1968 తర్వాత చాలా కాలం ఇది గుండె కుడి వైపు చూడడానికి మాత్రమే పనికివచ్చింది. 1980లలో స్టీవెన్ ఫైన్‌స్టైన్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ ఆల్బుమిన్ ద్రావణాన్ని శబ్ద తరంగాలతోనే చిలికి, ప్రొటీను పొర తొడిగిన బుడగలు చేశారు. అవి ఊపిరితిత్తులు దాటాయి. ఆ దారిలో వచ్చిన ఆల్బునెక్స్ 1994లో అమెరికాలో అనుమతి పొందింది. ఆ తర్వాత లోపలి గాలినే మార్చారు. రక్తంలో సులువుగా కరగని బరువైన వాయువులు పెట్టారు. 1997లో వచ్చిన ఆప్టిసన్, 2001లో వచ్చిన డెఫినిటీ లోపల వుండేది ఫ్లోరిన్ కలిసిన ప్రొపేన్. అదే ఏడు ఐరోపాలో వచ్చిన సోనోవ్యూ లోపల వున్నది సల్ఫర్ హెక్సాఫ్లోరైడు. ఈ చివరి పేరు మీలో కొందరికి వేరేచోట తెలిసి వుంటుంది. కరెంటు సబ్‌స్టేషన్లలో సర్క్యూటు బ్రేకర్లలో నింపే వాయువు అదే! మోతాదు భయపెట్టేంతది కాదు లెండి. 2 మిల్లీలీటర్ల మందులో వుండే వాయువు 16 మైక్రోలీటర్లు, అంటే ఒక నీటిచుక్కలో మూడో వంతు. పైపొర కొవ్వు పదార్థం, గుడ్డు సొనలోనూ సోయా గింజలోనూ దొరికే లెసిథిన్ జాతిది.

మరి యంత్రం ఈ బుడగను కండ నుంచి వేరుగా ఎలా గుర్తిస్తుంది? కండ బుద్ధిమంతురాలు. అలను ఎలా పంపితే అలాగే తిప్పి పంపుతుంది. బుడగ అలా కాదు. నొక్కినప్పుడు కొంచెమే ముడుచుకుంటుంది, వదిలినప్పుడు ఎక్కువ ఉబ్బుతుంది. అందుకని యంత్రం ముందు ఒక అల పంపి, వెంటనే దాన్నే తలకిందులు చేసి ఇంకొకటి పంపుతుంది. వచ్చిన రెండు జవాబులనూ కలిపితే కండ జవాబులు ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. బుడగ జవాబు మిగిలిపోతుంది. తెర మీద కండ నల్లబడి, రక్తం మాత్రమే తెల్లగా మెరుస్తుంది.

కాలేయంలో దీని ఉపయోగం ఎంతో చెప్పాలి, ఎందుకంటే నా వాదనకు ఆయువుపట్టు అక్కడే వుంది. ఎక్కించిన 10, 20 సెకన్లలో కాలేయ ధమని నుంచి బుడగలు వస్తాయి. అర నిమిషం దాటాక పేగుల నుంచి వచ్చే సిర ద్వారా వస్తాయి. రెండు నిమిషాల తర్వాత ఆలస్యపు దశ. ప్రమాదం లేని రక్తనాళాల గడ్డ అంచుల నుంచి లోపలికి చెరువు నిండినట్లు మెల్లగా నిండుతుంది, నిండినది అలాగే నిలుస్తుంది. కాలేయ కాన్సరు తరచు ముందుగానే గబగబా మెరిసి, తర్వాత చుట్టూ వున్న కాలేయం కంటే నల్లబడుతుంది. ఎక్కడి నుంచో వచ్చి కాలేయంలో దిగిన కాన్సరయితే ఇంకా త్వరగా నల్లబడుతుంది. ఇదంతా మంచం పక్కన, అయిదారు నిమిషాల్లో, కళ్లముందే జరుగుతుంది. ఎక్స్‌రే కిరణాల బెడద లేదు. పని అయ్యాక వాయువు ఊపిరితో బయటికి పోతుంది. కిడ్నీలతో దానికి పనిలేదు.

ఈ ఆఖరి వాక్యం కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

నాది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు – ఈ మండలాల పేర్లు మీరు పత్రికల్లో చదివే వుంటారు, కొబ్బరికీ జీడికీ చదివినదానికంటె కిడ్నీ జబ్బుకే ఎక్కువ చదివి వుంటారు. పొలం పని చేసుకునేవాళ్లకు, షుగరూ బి.పి.లూ లేనివాళ్లకు కూడా కిడ్నీలు చెడిపోతున్నాయి. ఎందరో వచ్చి నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, రక్తం తీసుకువెళ్లారు. కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రినీ కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ ప్రారంభించారు. సంతోషం. డయాలిసిస్ కోసం తెల్లవారుజామున బస్సెక్కి విశాఖ పోయినవాళ్ల కష్టం చూసినవాణ్ణి, ఆ సంతోషం నాకు నిజంగానే వుంది.

మా పెదనాన్నకు అరవై దాటాయి. క్రియాటినిన్ మూడు పైన వుంటుంది. కిందటేడు కడుపు నొప్పికి మామూలు అల్ట్రాసౌండు తీస్తే కాలేయంలో మచ్చ కనబడింది. "ఇది ఏమిటో తెలియాలంటే రంగు మందు ఎక్కించి సి.టి. తీయాలి" అన్నారు. రిపోర్టులు చూసి, "అయ్యో, ఈ కిడ్నీలతో రంగు మందు ఎక్కించలేం" అని మళ్లీ వారే అన్నారు. సి.టి.లో వాడే రంగు మందు అయోడిన్ కలిసినది. అది కిడ్నీల ద్వారానే పోవాలి. బాగా చెడిన కిడ్నీలున్నవారికి దాన్ని ఇవ్వడానికి వైద్యులు జంకుతారు, ఆ జంకు న్యాయమైనదే. ఎం.ఆర్.ఐ.లో వాడే గడోలినియంతో కూడా ఇలాంటి చిక్కే. 2006లో పాత రకం గడోలినియం మందులకూ, తీవ్రమైన కిడ్నీ రోగుల్లో చర్మం గట్టిపడిపోయే ఒక జబ్బుకూ సంబంధం బయటపడింది. ఇప్పటి కొత్త రకాలతో ఆ భయం చాలా తగ్గింది గాని, జాగ్రత్త మాత్రం తప్పలేదు.

ఇంటికి వచ్చాక అరుగు మీద కూర్చుని పెదనాన్న నన్నడిగాడు: "ఆ మందు ఎక్కిస్తే కిడ్నీ పోద్దంతన్నారు. ఎక్కించకపోతే రోగమేటో తెల్దంతన్నారు. సదువుకున్నోడివి, మరేటి సెయ్యమంతావురా?"

రెండో చోట కూడా చూపించాం. "మూడు నెలలు ఆగి మళ్లీ చూద్దాం, పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం" అన్నారు. మూడు నెలలు ఆగాం. పెద్దమ్మ ఆ మూడు నెలలూ సరిగా పడుకోలేదు. జీడి పిక్కలు ఏరే కాలం, తోటలోకి మనిషి పోలేదు. మూడు నెలల తర్వాత మచ్చ అంతే వుంది, పెరగలేదు. బహుశా ప్రమాదం లేని రక్తనాళాల గడ్డే అన్నారు. ఆ "బహుశా" ఇంకా అలాగే వుంది. ఈ బుడగల పరీక్ష అనేది ఒకటి వుందని, అది కిడ్నీ చెడినవారికి కూడా చేయవచ్చునని ఆ రెండు చోట్లా ఒక్కరూ ఎత్తలేదు. ఎవరినీ తప్పుపట్టి చెబుతున్న మాట కాదు. వాళ్ల దగ్గర ఆ మందు లేదు. లేనిదాన్ని గురించి చెప్పి ఏమి లాభం అనుకున్నారేమో. దేశంలో పెద్ద నగరాల్లో కొన్ని ఆసుపత్రులు దీన్ని చేస్తూనే వున్నాయి.

నా అభిప్రాయం ఇది. కిడ్నీ జబ్బు ఇంతగా వున్న జిల్లాకు మొట్టమొదట రావలసిన రంగు మందు బుడగల మందే. ఖరీదైన సి.టి. యంత్రం ముందు వచ్చి, దానికి ఎక్కించే మందు సగంమందికి పనికిరాకుండా పోవడం చూస్తే, మెట్ట చేలో వరి నాట్లు వేసినట్లుంది. అల్ట్రాసౌండు యంత్రాలు ఇప్పటికే వున్నాయి. వాటిలో కొత్తవాటికి కాంట్రాస్టు పద్ధతి అమర్చుకునే వీలు వుంటుంది. కావలసింది మందు సీసా, దాన్ని చూడడం నేర్చిన కన్ను.

దీనికి ఎదురు చెప్పేవారు లేకపోలేదు. మా డిపార్టుమెంటులోనే ఒక సీనియరుతో ఈ విషయం మీద క్యాంటీనులో రెండు టీలంతసేపు వాదన జరిగింది. అతను చెప్పిన వాటిలో నిజం వున్నవి వున్నాయి. అల్ట్రాసౌండు చూసేవాడి చేతిని బట్టి వుంటుంది, సి.టి. లాగా శరీరమంతా ఒకేసారి కనబడదు, ఒక మచ్చ మీద పెడితే ఇంకో మచ్చ తప్పిపోతుంది, లావుపాటివారిలోనూ పేగుల గాలి అడ్డమొచ్చినచోటా సరిగా కనబడదు. ఒప్పుకున్నాను. కాని మా పెదనాన్నకు కావలసింది శరీరమంతా కాదు గదా, ఆ ఒక్క మచ్చ సంగతి.

భద్రత మాట కూడా ఎత్తాడు. 2007లో అమెరికా ఔషధ శాఖ ఈ మందుల మీద తీవ్రమైన హెచ్చరిక ముద్ర వేసింది. మందు ఎక్కించిన కొద్ది సేపట్లో కొందరు గుండె రోగులు చనిపోవడమే కారణం. వైద్యులు లెక్కలు చూపించి అభ్యంతరం చెబితే 2008లో ఆ ఆంక్షలను సడలించారు. 2006లో ఇటలీ వైద్యులు కడుపు పరీక్షలు 23,188 లెక్కపెట్టి ప్రచురించారు. వాటిలో తీవ్రమైన ప్రతిచర్యలు రెండు. ప్రమాదమే లేదనను. పెన్సిలిన్ ఇచ్చేటప్పుడు పక్కన పెట్టుకునే సరంజామా ఇక్కడా పక్కన వుండాలి, పైపొరలో వాడే పాలిఇథిలీన్ గ్లైకాల్ పడనివారిని ముందే అడగాలి. అంతవరకే.

ఇంకొక చిక్కు మన దేశానికి ప్రత్యేకమైనది. ఆడపిల్లలను కడుపులోనే చంపేవారి పుణ్యమా అని 1994లో చట్టం వచ్చి, అల్ట్రాసౌండు యంత్రం ప్రతిదీ రిజిస్టరు కావాలి, చూసేవారికి అర్హత వుండాలి, యంత్రం ఇష్టం వచ్చిన చోటికి మోసుకుపోకూడదు అని కట్టుబాట్లు పెట్టింది. ఆ చట్టం వుండవలసిందే. చెల్లెళ్లున్నవాణ్ణి, ఇందులో నాకు రెండో మాట లేదు. కాని చట్టాన్ని సాకుగా చూపి కొత్త పద్ధతి నేర్పకుండా వుండడం వేరు. రిజిస్టరయిన యంత్రం మీద, అర్హతగల రేడియాలజిస్టుకు నాలుగు వారాలు నేర్పించడానికి ఏ చట్టం అడ్డు?

ఇక వెలుగు సంగతికి వస్తాను. చీకట్లో టార్చిలైటు మీద అరచేయి పెట్టి చూడని పిల్లవాడు వుండడు. వేళ్లు ఎర్రగా మెరుస్తాయి. నీలం, ఆకుపచ్చ వెలుగులను రక్తం మింగేస్తుంది, ఎరుపు దాటి వస్తుంది. ఎరుపుకు అవతల, కంటికి కనబడని 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య వెలుగును రక్తమూ నీరూ ఇంకా తక్కువ మింగుతాయి. ఇండోసైనైన్ గ్రీన్ దాదాపు 800 దగ్గర వెలుగు తీసుకుని 830 ప్రాంతంలో తిరిగి వెదజల్లుతుంది. తగిన కెమెరా పెడితే పేగు ముక్కలు అతికేటప్పుడు రక్తం అందుతున్నదా లేదా, పిత్తాశయం తీసేటప్పుడు పిత్తనాళం ఎక్కడుంది అన్నది శస్త్రవైద్యుడికి తెర మీద మెరిసి కనిపిస్తుంది. పని అయ్యాక ఈ రంగు పిత్తంతో పోతుంది, దీనికీ కిడ్నీలతో పనిలేదు. ఒకటే లోటు. సెంటీమీటరు లోతు దాటితే వెలుగు చెదిరిపోతుంది. అందుకే ఇది కడుపు తెరిచిన తర్వాతి సాధనం, తెరవకముందు చూసేది కాదు.

వెలుగు కథలో విద్యార్థి సోదరులు మరిచిపోకూడని పేర్లు రెండున్నాయి. హెరాల్డ్ నొవాట్నీ, డేవిడ్ ఆల్విస్. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థులు, మనబోటివాళ్లే. 1871లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేసిన ఫ్లోరెసీన్ అనే రంగును చేతి నరంలో ఎక్కించి, నీలం వెలుగు వేసి, కంటి వెనుక పొరలో రక్తం పారడాన్ని ఫొటో తీశారు. ఎవరి కన్ను ముందు అన్నదానికి బొమ్మా బొరుసూ వేసుకున్నారంటారు. ఆల్విస్ ఓడాడు, మొదటి కన్ను ఆయనది. రాసిన వ్యాసాన్ని కంటి వైద్య పత్రికవారు ఇందులో కొత్తేముంది అని తిప్పి పంపారు. 1961లో గుండె జబ్బుల పత్రిక అచ్చు వేసింది. ఈనాడు షుగరు వ్యాధితో చూపు పోతున్నవారికి కంటి ఆసుపత్రుల్లో తీసే పరీక్ష ఆ ఇద్దరు కుర్రాళ్లదే.

మెదడు గడ్డలకు వాడే ఇంకో మందు వుంది. 5-అమినోలెవులినిక్ ఆమ్లం. శస్త్రచికిత్సకు కొన్ని గంటల ముందు రోగి చేత తాగిస్తారు. గడ్డ కణాలు దాన్ని మార్చుకుని, నీలం వెలుగులో ఎర్రగా మెరుస్తాయి. 2006లో జర్మనీవారు ప్రచురించిన ప్రయోగంలో కనబడే గడ్డ మొత్తం తీయగలిగినది మామూలు పద్ధతిలో నూటికి 36 మందికైతే, ఈ పద్ధతిలో 65 మందికి. వ్యవసాయదారుల బిడ్డగా నాకు ముచ్చట వేసినదేమిటంటే, వరి మొక్క ఆకులో పత్రహరితం తయారయ్యేదీ ఈ ఆమ్లంతో మొదలయ్యే దారిలోనే. 2021లో అమెరికాలో అండాశయ కాన్సరుకు అనుమతి పొందిన పఫోలాసయనిన్ ఇంకో మెట్టు పైకి పోయింది. ఫోలేటు కోసం ఆవురావురుమనే కాన్సరు కణాలకు ఫోలేటు వంటి ఎర చూపి, దాని తోకకు రంగు కట్టి పంపుతుంది. నేను మొదట్లో కోరుకున్న "ఊద ఒక్కటే ఎర్రబడే మందు" కు ఇదే అన్నిటికంటే దగ్గర.

శబ్దమూ వెలుగూ ఒకేచోట కలిసే పద్ధతి కూడా వుంది. 1880లో గ్రహంబెల్, టెలిఫోను ఆయనే, ఆగి ఆగి పడే వెలుగు వస్తువు మీద పడితే ఆ వస్తువు చప్పుడు చేస్తుందని గమనించాడు. ఈనాడు లేజరు వెలుగును క్షణంలో కోట్ల వంతు సేపు చర్మం మీద వేస్తే, లోపలి రక్తం ఇసుమంత వేడెక్కి ఉబ్బి అల్ట్రాసౌండు పుట్టిస్తుంది. వెలుగు వేసి శబ్దం వింటారన్న మాట. శబ్దం వెలుగులాగా చెదరదు కాబట్టి కొన్ని సెంటీమీటర్ల లోతు దాకా చూడవచ్చు. ఇక్కడ కూడా మన పాత ఆకుపచ్చ రంగే పనికి వస్తుంది.

ఇది చదువుతుంటే నాకు మన వాల్తేరు జ్ఞాపకం వచ్చింది. శబ్దంతో వెలుగును వంచే విద్యకు 1935, 36లలో సిద్ధాంతం రాసినవారు సర్ సి.వి. రామన్, నాగేంద్రనాథ్ గారలు. రామన్ గారి శిష్యులు సూరి భగవంతం గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్రం చెప్పారు. 1948లో ఆయనా బి. రామచంద్రరావు గారూ అత్యధిక పౌనఃపున్యపు అల్ట్రాసౌండుతో కాంతి వివర్తనం మీద చేసిన పని విదేశీ పత్రికల్లో అచ్చయింది. అంటే ఈ విద్య మనకు పరాయిది కాదు. ఈ కొండ మీదే నడిచింది. మరి మాకు అల్ట్రాసానిక్స్ పాఠం ఎలా చెబుతున్నారు? పీడనవిద్యుత్ స్ఫటికం, గాల్టన్ ఈల, ఉపయోగాలు ఆరు. ఆ ఆరింటిలో నాలుగోది "వైద్యంలో". ఒక్క మాట. పది మార్కుల ప్రశ్నకు అది అర మార్కు. మా లెక్చరర్లను ఆక్షేపించడం లేదు, సిలబస్ వారు రాసింది కాదు. అయితే బి.యస్సీ. ప్రయోగశాలలో ఒక అక్వేరియం తొట్టి, పాత స్కానింగు యంత్రం ఒకటి, చిలికిన ఆల్బుమిన్ కొంచెం వుంటే, బుడగ మోగడం మా కళ్లతో మేము చూడగలం. మనిషికి ఎక్కించనక్కరలేదు.

తయారీ మాట కూడా అనుకోవాలి. ఇప్పటి వరకు నేను చెప్పిన బుడగల మందుల పేర్లన్నీ పరాయి దేశపు కంపెనీలవే. కాని మధురైలో అరోల్యాబ్ 1992లో మొదలై, కంటిలో పెట్టే కటకాన్ని బీదవాడు కొనగల ధరకు దించింది. ఇండోసైనైన్ గ్రీన్ కూడా అక్కడ తయారవుతున్నది. కటకానికి చేసిన పని బుడగకు చేయరాదా? కొవ్వు పొర, బరువు వాయువు, సీసా, కుదిపే యంత్రం. కష్టం లేదనడం లేదు. బుడగలన్నీ ఒకే కొలతలో రావాలి, శుభ్రత ఇసుమంత తగ్గకూడదు. కాని హైదరాబాదు చుట్టుపక్కల ఇంతటి మందుల పరిశ్రమ పెట్టుకుని, ఇది మన వల్ల కాదు అంటే నేను నమ్మను.

ఈ సంచిక పూర్వ విద్యార్థులకు కూడా చేరుతుందని సంపాదకవర్గం వారు చెప్పారు. వారిలో రేడియాలజీ చదివినవారు, స్కానింగు యంత్రాల కంపెనీల్లో పనిచేసేవారు, మందుల ఫ్యాక్టరీల్లో వున్నవారు తప్పక వుంటారు. అయ్యా, అమ్మా, మీలో ఒకరు ఒక్క శనివారం పలాస రండి. కాంట్రాస్టు పద్ధతి వున్న యంత్రం మీద, రెండు సీసాల మందుతో, అక్కడి డాక్టర్లకు చేసి చూపించండి. రోగుల పేర్లు అక్కడివారి దగ్గర వుంటాయి. రైలు దిగాక బండి, భోజనం, పడక మా వూరివాళ్లం చూసుకుంటాం. మా పెదనాన్న ఇప్పటికే అడుగుతున్నాడు, ఆ బుడగల డాక్టరు ఎప్పుడొస్తాడని.